మీరు వెళ్ళండి, నేను వస్తాను

నేను మొదటిసారి నడిపించిన సైకిల్ గ్రూప్ రైడ్‌లో 14 మందిమి బయలుదేరాం. 13 మందిమి కలిసి తిరిగి వచ్చాం. ఎవరూ పడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముప్పయ్యో కిలోమీటరు దాటాక, ఒక పొడవైన ఎత్తు మొదలయ్యే చోట, వెనకబడుతున్న ఒకావిడ నా వైపు చూసి, "మీరు వెళ్ళండి, నేను వస్తాను" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను ఆ మాట నమ్మాను. పైకి చేరాక అయిదు నిమిషాలు ఆగాం. చెమట ఆరి అందరికీ చలి పుడుతోంది, ఇద్దరు ముగ్గురు అసహనంగా పెడల్ మీద కాలు పెట్టి నిలబడ్డారు. నేను ముందుకు కదిలాను, గుంపు నా వెంట కదిలింది. ఆవిడ ఆ ఎత్తంతా ఎక్కి, పైన ఎవరూ లేకపోవడం చూసి, తర్వాతి కూడలిలో తప్పు దారి పట్టి, ఫోనులో దారి వెతుక్కుంటూ ఒంటరిగా ఇల్లు చేరారు. సాయంత్రం ఫోను చేస్తే, "పర్వాలేదండీ, నా వల్ల అందరికీ ఆలస్యం కాకూడదనుకున్నాను" అన్నారు. ఆ తర్వాత మా రైడ్లకు ఆవిడ మళ్ళీ రాలేదు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. అప్పటి నుంచి రైడ్లు ప్లాన్ చేస్తూ, నడిపిస్తూనే ఉన్నాను. ఆ వాక్యం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మాట కొంచెం మారుతుంది, స్వరం మారదు. అలసిన మనిషి మర్యాద కోసం అనే మాట అది. "నేను మీకు బరువవుతున్నానా?" అని అడగడానికి మొహమాటపడి, ఆ ప్రశ్నకు జవాబు కూడా తామే చెప్పేసుకుని అనే మాట. దాన్ని అక్షరాలా తీసుకునే లీడర్‌కి సైకిల్ తొక్కడం ఎంత బాగా వచ్చినా, రైడ్ నడిపించడం ఇంకా రానట్టే. ఆ రోజు నాకు రాదు.

అందుకే క్లబ్బుల్లో రైడ్ లీడర్లను ఎంచుకునే తీరు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఎవరు అందరికన్నా వేగంగా తొక్కుతారో, ఎవరి కాళ్ళు బలమైనవో వారి చేతికే రైడ్ వెళుతుంది. ఆ మనిషి ముందుంటాడు, మిగతావాళ్ళు పట్టుకోగలిగినంత సేపు పట్టుకుంటారు. దాన్ని నాయకత్వం అనడానికి నాకు మనసొప్పదు. లీడర్‌కి ఉండాల్సిన మొదటి గుణం మాట మీద నిలబడడం. రైడ్ ప్రకటనలో ఏ వేగం రాశాడో, ఎక్కడెక్కడ ఆగుతామని చెప్పాడో, "ఎవరినీ వదిలి వెళ్ళం" అన్నాడో లేదో, వాటిని దారి పొడవునా నిలబెట్టుకోవాలి. మిగతా నేర్పులన్నీ దీనికోసమే.

బలవంతుడికి ఇది ఎందుకు కష్టమో చెబుతాను. బల్లపరుపు దారిలో సైకిల్ తొక్కేవాడికి అసలు ప్రత్యర్థి గాలి. గాలి అడ్డగించే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. దాన్ని చీల్చుకుపోవడానికి పెట్టాల్సిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. అంటే గంటకు 25 కిలోమీటర్ల నుంచి 30కి పోవాలంటే వేగం పెరిగేది 20 శాతమే అయినా, గాలికి చెల్లించాల్సిన శక్తి దాదాపు 73 శాతం పెరుగుతుంది. బలమైన కాళ్ళవాడికి ఆ తేడా కొంచెం ఊపిరి వేగం పెరగడమే. ఆ రోజే తన హద్దు మీద తొక్కుతున్న మనిషికి అది గోడ. ముందున్నవాడు "కొంచెమే పెంచాను" అంటాడు, నిజంగానే అలా అనుకుంటాడు. వెనకవాడు అప్పటికే మాట్లాడడం ఆపేసి ఉంటాడు.

గుంపులో తొక్కడంలోని సుఖం కూడా గాలి నుంచే వస్తుంది. ముందు సైకిల్ వెనక చక్రానికి దగ్గరగా తొక్కితే ఆ మనిషి చాటున గాలి పలచబడుతుంది. గాలి ప్రవాహాలను అధ్యయనం చేసే బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో ప్రచురించిన పరిశోధనలో, 121 మంది ఉన్న పోటీ గుంపును విండ్ టనెల్‌లోనూ కంప్యూటర్ లెక్కల్లోనూ పరీక్షిస్తే, గుంపు లోలోపల, వెనక వరసల్లో ఉన్నవారి మీద గాలి నిరోధం ఒంటరిగా తొక్కేవాడి మీద ఉండేదానిలో 5 నుంచి 10 శాతానికి పడిపోతుందని తేలింది. పది పన్నెండు మంది ఉండే క్లబ్బు రైడ్‌లో అంత ఆసరా దొరకదు. దొరికిన మేరకే మనిషికి మనిషి ఎంతో సాయం. ఇప్పుడు ఆ ఆసరా జారిపోయినవారి సంగతి ఆలోచించండి. నాలుగైదు సైకిళ్ళ దూరం వెనకబడితే చాలు, చాటు పోతుంది, గాలంతా మీద పడుతుంది. గుంపులో అందరికన్నా తక్కువ శక్తి మిగిలి ఉన్న మనిషే అందరికన్నా ఎక్కువ కష్టపడాల్సి వస్తుంది. వెనకబడ్డవాళ్ళు నెమ్మదిగా కోలుకుని కలుస్తారని అనుకునేవారికి నేను చెప్పేది ఇదే: కలవరు, ముందున్నవాళ్ళు తగ్గిస్తే తప్ప.

మలుపుల దగ్గర ఇంకో అన్యాయం ఉంది. మొదటి సైకిల్ మలుపులో 15కి తగ్గి, బయటికి రాగానే 25కి పెంచుతుంది. అప్పటికి పదో సైకిల్ ఇంకా బ్రేకు మీదే ఉంటుంది. అది మలుపు తిరిగేసరికి ముందున్న ఖాళీ పూడ్చుకోవడానికి 32, 33 వేగంతో పరుగెత్తాలి. హార్మోనియం తిత్తిలా గుంపు మూసుకుంటుంది, సాగుతుంది. ప్రతి మలుపుకీ, ప్రతి సిగ్నల్‌కీ, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ ఇదే. ముందు తొక్కేవాడు ఒక నిలకడైన రైడ్ చేస్తుంటే, చివర తొక్కేవాడు రెండు గంటల పాటు పరుగు పందేలు చేస్తుంటాడు. అందుకే మలుపు తిరిగాక ఆఖరి సైకిల్ కనబడే దాకా నెమ్మదిగా సాగాలి. ఇది ఎంత చిన్న విషయమో అంత అరుదుగా కనబడుతుంది.

ఎత్తుల సంగతి వేరు. అక్కడ వేగం తక్కువ కాబట్టి గాలి పాత్ర తగ్గిపోతుంది, శరీరం బరువును పైకి లాగడమే పని. ఎవరి చాటూ ఎవరికీ పెద్దగా పనికిరాదు. కనుక ఎత్తు మీద గుంపును కలిపి ఉంచాలని ప్రయత్నించకూడదు. ఎవరి ఊపిరిని బట్టి వాళ్ళు ఎక్కాలి, పైన కలవాలి. కలిసే చోట జరిగేది మాత్రం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. మొదట చేరినవాడు పది నిమిషాలు విశ్రాంతి తీసుకుంటాడు, నీళ్ళు తాగుతాడు, ఫోటోలు తీసుకుంటాడు. ఆఖరి మనిషి ఎగశ్వాసతో చేరి ఒక కాలు నేల మీద పెట్టగానే, "అందరూ వచ్చేశారు, ఇక పదండి" అంటారు. అందరికన్నా ఎక్కువ విశ్రాంతి కావాల్సినవారికి అసలే దొరకదు. నా రైడ్లలో విరామాన్ని ఆఖరి మనిషి చేరిన క్షణం నుంచి లెక్కపెడతాను. ముందు వచ్చినవాళ్ళకు అది ఎక్కువనిపించినా సరే.

ఈ మాట నిలబెట్టుకోవడమనే పని రైడ్ రోజున మొదలవదు, ప్రకటన రాసేటప్పుడే మొదలవుతుంది. "60 కిలోమీటర్లు, సగటు 25" అని రాస్తే చదివిన పదిమందీ పది రకాలుగా అర్థం చేసుకుంటారు. సగటు అంటే ఆగిన సమయం కలిపా, కలపకుండానా? బల్లపరుపు దారిలో వేగమా, మొత్తం దారి మీదా? సగటు మనల్ని ఎంతగా మోసం చేస్తుందో చూడండి. 10 కిలోమీటర్ల ఎత్తును గంటకు 10 వేగంతో ఎక్కి, అదే 10 కిలోమీటర్ల దిగువను 40 వేగంతో దిగితే సగటు 25 అనిపిస్తుంది. కానీ ఎక్కడానికి గంట, దిగడానికి 15 నిమిషాలు పట్టింది. 20 కిలోమీటర్లకు 75 నిమిషాలు, అంటే సగటు 16. ఎత్తులో పోయిన సమయాన్ని పల్లం తిరిగి ఇవ్వదు. ఈ లెక్క తెలియని లీడర్ మధ్యాహ్నానికి ఇంటికి చేరుస్తానని చెప్పి సాయంత్రం చేరుస్తాడు.

నేను ప్రకటనలో దూరం, మొత్తం ఎక్కాల్సిన ఎత్తు మీటర్లలో, బల్లపరుపు దారిలో ఉండే వేగం, ఆగే చోట్లు, తిరిగి చేరే సమయం రాస్తాను. 60 కిలోమీటర్లలో 200 మీటర్లు ఎక్కడం వేరు, 900 మీటర్లు ఎక్కడం వేరు. దూరం ఒకటే అయినా అవి రెండు వేర్వేరు రోజులు. పన్నెండు మంది కలిసి ఆగితే అయిదు నిమిషాల విరామం పన్నెండు నిమిషాలవుతుంది, దాన్ని ముందే కలుపుకుంటాను. ఒక పంక్చర్‌కి సమయం ఎప్పుడూ ఉంచుతాను. పంక్చర్ కాకపోతే ఆ సమయాన్ని వేగంగా మార్చుకోను, విరామంగానే ఇచ్చేస్తాను.

దారిని ముందుగా తొక్కి చూడడం గురించి ఎంత చెప్పినా తక్కువే. తెర మీద గీత గీసి, ఫోనులో దారి చూపే జీపీఎక్స్ ఫైలు పంపి, ప్లాన్ అయిపోయిందనుకునే లీడర్లు ఉన్నారు. మ్యాపు ఎత్తును చెబుతుంది. రోడ్డు మీద గత నెలలో పోసిన కంకర గురించి చెప్పదు. దిగువ మొత్తం మెలికలు తిరిగి, అడుగున ఉన్నట్టుండి రైలు పట్టాలు అడ్డొస్తాయని, వాటిని వీలైనంత లంబకోణంలో దాటకపోతే చక్రం ఇరుక్కుంటుందని చెప్పదు. రైడ్ వారంలో ఏ రోజు, ఏ గంటకో అదే రోజు, అదే గంటకు వెళ్ళి చూస్తాను. ఎందుకంటే తెల్లవారుజామున ఖాళీగా కనబడ్డ రోడ్డు తొమ్మిదింటికి లారీలతో నిండిపోవచ్చు. ఎదురుగా వచ్చే వాహనాలను దాటి తిరగాల్సిన మలుపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాను. ఒక్కడికి సులువైన మలుపు పన్నెండు మందికి మూడు విడతల పని. అన్నిటికన్నా ముఖ్యంగా, రోడ్డు దిగి పన్నెండు సైకిళ్ళు నిలబడగల చోట్లు వెతుకుతాను. కలుసుకునే చోటు పేరు కాగితం మీద బాగుండి, అక్కడ రోడ్డు పక్కన నిలబడడానికి జాగా లేకపోతే, నేనే వాళ్ళను ప్రమాదంలో నిలబెట్టినట్టు.

బ్రిటన్‌లో 1878లో మొదలైన సైక్లిస్టుల టూరింగ్ క్లబ్బు, ఆ శతాబ్దం ముగిసేలోపే, ప్రమాదకరమైన దిగువల పైభాగంలో హెచ్చరిక పలకలు పాతించింది. అప్పటి సైకిళ్ళకు బ్రేకులు అంతంతమాత్రం, దారి తెలియనివాడు కొండ దిగితే ప్రాణాలకే ముప్పు. ముందు దిగినవాడు తర్వాత వచ్చేవాడి కోసం ఒక పలక పాతాడు. దారి చూసిరావడంలో నేను చేసే పని కూడా అదేనని అనుకుంటాను, అనుకున్నప్పుడల్లా ఉత్సాహం కలుగుతుంది.

దారి ఆకారం గురించి రెండు మాటలు. ఎదురుగాలి వెళ్ళేటప్పుడు రావాలి, తిరిగొచ్చేటప్పుడు గాలి వెన్ను తట్టాలి. అలసిన మనుషులకు ఆఖరి 20 కిలోమీటర్లు ఎదురుగాలి ఇవ్వడం క్రూరం. కొత్తవాళ్ళు ఎక్కువగా వచ్చే రైడ్లకు ఎనిమిది అంకె ఆకారంలో దారి వేస్తాను. మధ్యలో బయలుదేరిన చోటికే వస్తాం. అక్కడ ఆగిపోవాలనుకున్నవారు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేకుండా ఆగిపోవచ్చు. "మొదటి సున్నా చాలనుకున్నవారు ఇక్కడితో ముగించవచ్చు" అని ప్రకటనలోనే రాస్తాను. బయటపడే దారి గౌరవంగా ఉంటేనే లోపలికి రావడానికి ధైర్యం వస్తుంది.

ఇక నాతో తరచుగా వాదించేవారి మాట. "ఆఖరి మనిషి కోసమే అంతా నడిస్తే, వేగంగా తొక్కాలనుకునేవాళ్ళు ఏం కావాలి? వాళ్ళ ఆదివారం ఆదివారం కాదా?" న్యాయమైన ప్రశ్న. దీనికి సైక్లింగ్ చరిత్రలోనే మంచి జవాబు ఉంది. 1897లో కొందరు ఇటాలియన్లు రోమ్ నుంచి నేపుల్స్ దాకా సుమారు 230 కిలోమీటర్లు పగటి వెలుగులోనే తొక్కడానికి పూనుకున్నారు. ఆ సాహసాన్ని బట్టి అలాంటి రైడ్లకు ఆడాక్స్ (లాటిన్‌లో సాహసి) అనే పేరు వచ్చింది. 1904లో, టూర్ ద ఫ్రాన్స్ పోటీని మొదలుపెట్టిన హెన్రీ డెగ్రాంజ్ ఆ పద్ధతిని ఫ్రాన్స్‌లో నెలకొల్పాడు. అందులో గుంపు కలిసి కదులుతుంది, వేగాన్ని రోడ్ కెప్టెన్ అదుపులో ఉంచుతాడు, ఆయనను దాటి ఎవరూ పోకూడదు. ఆ సంప్రదాయంలో ఈనాటికీ మామూలు వేగం గంటకు 22.5 కిలోమీటర్లు. 1921లో విభేదం వచ్చి ఆడాక్స్ క్లబ్ పారిసియన్ వేరే దారి పట్టింది. ఎవరి వేగంతో వాళ్ళు తొక్కవచ్చు, గడువులోపు చేరితే చాలు అంది. ఇప్పుడు ప్రపంచమంతా తొక్కే బ్రెవేలు, అంటే గడువు పెట్టిన దూరపు రైడ్లు, ఆ దారివే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు, దారిలో నీ బాధ్యత నీదే.

రెండూ నాకు ఇష్టమైనవే, రెండింటిలోనూ నిజాయితీ ఉంది. కలిసి వెళతామని చెప్పేది కలిసి వెళుతుంది, ఎవరి దారి వారిదని చెప్పేది బయలుదేరకముందే చెబుతుంది. నేను వ్యతిరేకించేది మూడోదాన్ని. మొదటిదాని పేరు పెట్టుకుని రెండోదానిలా నడిచే రైడ్‌ను. "ఎవరినీ వదలం" అని రాసి, పదో కిలోమీటరుకే వదిలేసే రైడ్‌ను. క్లబ్బులో వేగవంతమైన రైడ్ ఉండాలి, తప్పకుండా ఉండాలి. దాని ప్రకటనలో "వెనకబడితే ఆగం, దారి మీ దగ్గర ఉంచుకోండి" అని స్పష్టంగా రాసి ఉండాలి. అది చదివి వచ్చినవాడు వెనకబడినా మోసపోడు.

దీనివల్ల లీడర్ మీద ఇంకో కష్టమైన పని పడుతుంది: కాదని చెప్పడం. 100 కిలోమీటర్ల రైడ్‌కి వస్తానన్న ఒక కుర్రవాడిని, అతను అప్పటిదాకా 25 దాటలేదని తెలిసి, ఈసారి వద్దన్నాను. చిన్నబుచ్చుకున్నాడు. రెండు వారాల తర్వాత ఉన్న 40 కిలోమీటర్ల రైడ్‌కి రమ్మన్నాను, రాలేదు. అతని మనసు నొప్పించినందుకు నాకు బాధగానే ఉంది. అయినా అతన్ని 70వ కిలోమీటరు దగ్గర, ఇంటికి 30 కిలోమీటర్ల దూరంలో, ఏమీ మిగలని స్థితిలో నిలబెట్టడం కన్నా అదే నయమని ఇప్పటికీ నమ్ముతాను.

వేగవంతులతో నేను గొడవపడను, వాళ్ళను వెనక్కి పంపిస్తాను. గుంపుకి చివర తొక్కే మనిషిని మేము స్వీప్ అంటాం. ఆ మనిషిని దాటి ఎవరూ వెనక మిగలకూడదు. చాలా క్లబ్బుల్లో ఈ పని ఎవరూ కోరుకోరు. నా దృష్టిలో రైడ్‌లో రెండో లీడర్ ఆయనే, పంపు, ట్యూబులు, ప్రథమ చికిత్స సంచి కూడా ఆయన దగ్గరే ఉండాలి, ఎందుకంటే ఆగిపోయేవాళ్ళు ఆగేది ఆయన ముందే. మా క్లబ్బులో అందరికన్నా బలమైన రైడర్ ఒకాయన, నెమ్మది రైడ్లంటే కాలం వృథా అనేవారు. ఒకసారి స్వీప్‌గా ఉండమని బతిమాలాను. ఆ రోజు ఎదురుగాలి. వెనకబడ్డ ఇద్దరి ముందుకు వచ్చి, వాళ్ళకు చాటునిస్తూ, 18 వేగంతో ముప్పావు గంట తొక్కి, వాళ్ళిద్దరినీ గుంపులో కలిపారు. ఆ ముప్పావు గంటలో ఆయన ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నారో ఆ ఇద్దరూ నాకు చెప్పారు. అంత బలం ఉన్నది దీనికే కదా అనిపించింది నాకు. ముందుకు పోయి ఒంటరిగా ఎదురు చూడడానికి బలం ఎందుకు?

ఫ్రాన్స్‌లో వెలోసియో అనే కలం పేరుతో రాసిన పాల్ ద వివీ, వందేళ్ళకు పైగా కిందటే, ఆకలి కాకముందే తినమని, దాహం వేయకముందే తాగమని సైక్లిస్టులకు చెప్పాడు. అభిమానానికి పోయి పెడల్ తొక్కవద్దని కూడా చెప్పాడు. ఒంటరి రైడర్‌కి ఇవి ఆరోగ్య సూత్రాలు. లీడర్‌కి ఇవి పని సూత్రాలు. ఎవరో ఆగుదామని అడిగే దాకా ఆగని లీడర్ ఆలస్యం చేసినట్టే, ఎందుకంటే అడగడానికి మొహమాటపడేవాళ్ళు అప్పటికే రెండుసార్లు అనుకుని మానుకుని ఉంటారు. అభిమానం సంగతి మరీ ముఖ్యం. పక్కపక్కన తొక్కేటప్పుడు ఒకడు అర చక్రం ముందుకు జరుగుతాడు, పక్కవాడు సమం చేస్తాడు, మళ్ళీ మొదటివాడు అర చక్రం ముందుకు. ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉంటారు, వేగం మాత్రం తెలియకుండా పెరిగిపోతుంది. వెనక పదిమంది ఆ మౌనపోటీకి మూల్యం చెల్లిస్తారు. దాన్ని ఆపగలిగేది లీడర్ ఒక్కడే, ఆపాలంటే ముందు తనలో ఆపుకోవాలి.

భద్రత మాటలు క్లుప్తంగా. బయలుదేరే ముందు గాలి, బ్రేకులు, చైను చూడమని అందరికీ చెబుతాను, కొత్తవారివి నేనే చూస్తాను. ముందు సైకిల్ వెనక చక్రం పక్కకి మీ ముందు చక్రం జొనపవద్దని ప్రతిసారీ చెబుతాను. రెండూ తాకితే పడేది దాదాపు ఎప్పుడూ వెనకవాడే. చేతి సైగలు ఒక్కో క్లబ్బులో ఒక్కో రకం కాబట్టి మావి చేసి చూపిస్తాను. ప్రతివారి అత్యవసర ఫోను నంబరు నా దగ్గర, స్వీప్ దగ్గర ఉంటుంది. ఉరుములు వినబడుతుంటే బయలుదేరం. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగుతాం. రద్దు చేసే నిర్ణయం నాదే, ఓటు పెట్టను. గుంపు ఓటు వేస్తే ఉత్సాహమే గెలుస్తుంది.

ఇంత పని జీతం లేకుండా ఎందుకని అడుగుతారు. పైగా రైడ్ నడిపిన రోజు నా రైడ్ నాకు ఉండదు, అది నిజమే. వేగం, గాలి, శరీరం తేలికపడడం, వాటికోసం నేను సైకిల్ ఎక్కాను, రైడ్ నడిపే రోజు అవి నాకు దొరకవు. తలలు లెక్కపెడుతూ తొక్కుతాను. అలసట కాళ్ళలో కన్నా కళ్ళలో ఎక్కువ. అందుకే నెలకు ఒక్క రైడే నడుపుతాను, మిగతా వారాలు వేరేవాళ్ళ వెనక తొక్కుతాను. ప్రతివారం ఒకే మనిషి భుజాన రైడ్ వేసే క్లబ్బు, ఆ మనిషినీ రైడ్‌నీ రెండింటినీ పోగొట్టుకుంటుంది. కొత్త లీడర్లు కావాలంటే నేను వెతికేది వేగంలో ముందున్నవారిని కాదు. మొన్నమొన్నటి దాకా ఆఖరున వచ్చినవారిని. ఎత్తు మీద ఒంటరిగా మిగిలిపోవడం ఎలా ఉంటుందో వాళ్ళ కాళ్ళకు ఇంకా గుర్తుంటుంది.

వచ్చే ఆదివారానికి 45 కిలోమీటర్ల దారి వేశాను. పొడవైన ఎత్తు ఒకటే, నేను మొదటిసారి నడిపించిన రైడ్‌లో ఉన్నదే. దాని పైన రోడ్డు పక్కన చెట్ల కింద పన్నెండు సైకిళ్ళకు చోటుంది, కూడలి అక్కడికి ఇంకా అర కిలోమీటరు అవతల. ఎవరూ ఆ కూడలికి ఒంటరిగా చేరకుండా ఆ చెట్ల దగ్గరే కలుసుకోవాలని ప్రకటనలో రాశాను. సాయంత్రం చూస్తే గాలి దిశ మారేలా ఉంది. రైడ్ ఆఖరి సగమంతా ఎదురుగాలి అవుతుంది. దారిని తిరగేయాలి, అంటే ఎత్తు రెండో వైపు నుంచి వస్తుంది, ఆ వైపు ఆగే చోటు నేను చూడలేదు. రేపు పొద్దున్నే వెళ్ళి చూసి వస్తాను.